ఓజెల్లా పీకేసిన పని

ఓజెల్లా టిప్టన్ షాపులో తయారైన కారు ఎక్కాలంటే ఎంత పెద్దమనిషైనా ముందు బూట్లు విప్పాలి. సెవెన్ మైల్ రోడ్డు మీద ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఒకసారి చర్చిలో ముందు వరసలో కూర్చునే డీకన్ గారు తన కారులో కొత్తగా పరిచిన కార్పెట్ మీద బూటుకాలు పెట్టబోతే, చొక్కా పట్టుకుని బయటికి లాగింది. మరుసటి ఆదివారం ఆయన పక్కనే నిలబడి ఏమీ జరగనట్టు కీర్తన పాడింది. ఆమె కోపం ఎంత త్వరగా వస్తుందో అంత త్వరగా పోతుంది. ఆ మధ్యలో దొరికినవాళ్ల పనే కాస్త కష్టం.

అప్పటికి ఆమెకి అరవై నాలుగేళ్లు. డెట్రాయిట్ తూర్పు పేటలో పుట్టింది, అక్కడే పెరిగింది, ఇంకెక్కడికైనా పోవాలని ఎప్పుడూ అనుకోలేదు. తల్లి చర్చి గాయకులకి అంగీలు కుట్టేది. ఆ మిషను కింద పాకుతూనే ఓజెల్లాకి సూదీ దారం అలవాటయ్యాయి. అయినా పందొమ్మిదో ఏట ఫ్యాక్టరీలో దొరికిన పని మాత్రం కుట్టుపని కాదు. కారు తలుపులకీ బానెట్లకీ రేకులు వంచే ప్రెస్ షాపులో వేశారు. మేడంత ఎత్తు ప్రెస్సులు వరసగా నిలబడి, సెకను సెకనుకీ ఒకటి నేలని గుద్దుతుండేవి. అక్కడ నాలుగేళ్లు చేసింది. తర్వాత సీట్లు కుట్టే ప్లాంటుకి మారి పదహారేళ్లు చేసింది. ఆ ప్లాంటు మూతపడ్డాక, అక్కడి కుట్టుమిషను ఒకటి వేలంలో పాడుకుని సొంతంగా షాపు తెరిచింది. పాత కార్లకి సీట్లు, తలుపుల లోపలి అట్టలు, పైకప్పు గుడ్డ, కార్పెట్టు అన్నీ కొత్తవి చేసివ్వడం ఆమె పని. పాతికేళ్లుగా అదే మిషను, అదే మనిషి.

షాపులో సగం ఆమెది. రెండో సగంలో లూషస్ టిప్టన్ కార్లకి రేడియోలూ స్పీకర్లూ బిగిస్తాడు. లూషస్ ఆమె మొగుడు, అంటే ఒకప్పటి మొగుడు. విడాకులప్పుడు జడ్జి ఇల్లు పంచాడు, సామాను పంచాడు, కుక్కని కూడా ఓజెల్లాకి ఇచ్చాడు గానీ ఈ షాపుని పంచడం ఆయన వల్ల కాలేదు. దాంతో మధ్యలో గోడ కట్టుకున్నారు. తర్వాత పనివాళ్లు అటూ ఇటూ తిరగడానికి ఇబ్బందిగా ఉందని ఆ గోడకి ఒక కిటికీ పెట్టుకున్నారు. పనివాళ్లంటే వాళ్లిద్దరే. కాపరం చేసినప్పటి కంటే ఆ కిటికీలోంచి ఎక్కువ మాట్లాడుకున్నారని ఊళ్లో అనుకుంటారు, అది నిజమే.

ఆ ఏడాది మే నెలలో క్లీవ్ గ్యాడిస్ తన షెవెల్ కారుని తీసుకొచ్చి షాపు ముందు ఆపాడు. వస్తున్నాడని కిటికీ అద్దాలు వణికినప్పుడే తెలిసింది. పందొమ్మిది వందల డెబ్బయ్యో సంవత్సరంలో, పెళ్లయిన మరుసటి ఏడు, కొత్తగా కొన్న కారు అది. నల్లటి ఒళ్లు, ముందు నుంచి వెనక దాకా రెండు తెల్ల చారలు, లోపల చిన్న లారీకి సరిపోయే ఇంజను. గేరు చేత్తో వేసుకోవాలి. రోడ్డు మీద పోతుంటే పిల్లలు కేకలు వేస్తారు, ముసలివాళ్లు తిడతారు. క్లీవ్ ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రెస్ షాపులోనే నిలబడి, వినికిడి అక్కడ వదిలేసి, పింఛను తెచ్చుకున్న మనిషి. లూషస్, ఓజెల్లా అక్కడ ఉన్న రోజుల్లో ముగ్గురూ ఒకే వరసలో పనిచేశారు.

కారులోంచి అతనొక్కడే దిగాడు. భార్య వెర్లీన్ వెనకాల బస్సు దిగి నడిచొచ్చింది.

"చూశావా సిస్టర్ ఓజెల్లా? మొగుడు కారులో, పెళ్లాం బస్సులో. పదకొండేళ్లుగా ఇదీ మా ఊరేగింపు" అంది వెర్లీన్, రొప్పుతూ.

"బస్సెక్కమని ఎవరన్నారు?"

"ఇంకేం చెయ్యను? ఇందులో కూర్చుంటే నా పళ్లు కూడా టకటకమంటాయి. తలనొప్పి రెండ్రోజులుంటుంది. ఆయనకేం, వినపడదు. మహారాజులా కూర్చుంటాడు."

క్లీవ్ ఆమె పెదాల వంకే చూస్తున్నాడు. ప్రెస్ షాపులో పనిచేసినవాళ్లంతా అలాగే వింటారు. "మహారాజు అంది కదూ? ఆ ముక్క ఒక్కటీ బాగుంది" అన్నాడు, ఉండాల్సిన దానికంటే గట్టిగా.

అసలు విషయం వెర్లీనే చెప్పింది. ఆగస్టులో ఉడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్లన్నీ బారులు తీరి తిరిగే శనివారం ఉంది కదా, దానికి క్లీవ్ పదకొండేళ్లుగా ఒంటరిగా పోయి వస్తున్నాడు. పక్క సీటు ఖాళీ. ఎవరైనా, "మీ ఆవిడ రాలేదా?" అని అడిగితే, "ఇంట్లో పని ఉంది" అంటాడట. ఈ ఏడు ఆ సీట్లో తను కూర్చోవాలి. కారు లోపల రొద పోవాలి, సీట్లు మెత్తగా ఉండాలి, పాటలు వినపడాలి. క్లీవ్ చెవి మిషను పెట్టుకుంటే ఇంజను హోరుకి అది కూడా కీచుమంటుంది కాబట్టి కారులో తీసేస్తాడు. లోపల నిశ్శబ్దంగా ఉంటే అది పెట్టుకుని నడపగలడు, అప్పుడు తనేం చెప్పినా వినపడుతుంది.

"రోడ్డు మీద పోతూ మొగుడితో మాట్లాడాలని ఉంది. ఇదేమన్నా పెద్ద కోరికా?" అంది వెర్లీన్.

మనసు కరిగినప్పుడు ఓజెల్లా ఎదుటివాళ్ల మీద విసుక్కుంటుంది. "ముందు ఇద్దరూ బూట్లు విప్పండి. లోపల చూడాలి" అంది.

ఎనిమిది వారాలు పట్టింది. పాత రెక్సిన్ ఎండలకి పెట్లి, కింద ఫోమ్ పొడి పొడిగా రాలుతోంది. అన్నీ పీకి పారేసి, స్ప్రింగులు కొత్తవి వేసి, వాటి మీద గోనెగుడ్డ కప్పి, దాని మీద రెండు రకాల ఫోమ్ అమర్చింది. తోలు రంగు వెర్లీన్ ఎంచింది, తన ఈస్టర్ టోపీ తెచ్చి చూపించి. ముదురు రేగుపండు రంగు. అతుకు కనపడేచోట రెండు పక్కలా రెండు వరసల కుట్టు వేసింది ఓజెల్లా, ఒక్క టాకా కూడా పక్కకి పోకుండా. ముడత ఉన్నచోట ఆవిరి పట్టించి, అరచేత్తో రుద్ది, మళ్లీ ఆవిరి పట్టించింది. ఇదంతా ఆమెకి మామూలే.

ఆమె గర్వం అంతా కార్పెట్టు కిందే ఉంది. వెనక జిగురు, పైన వెండి కాగితం ఉండే తారు పట్టీలు వస్తాయి. వాటిని ఇనప నేల మీద అంటిస్తే అవి కదలికని తాగేసి రొద తగ్గిస్తాయి. అందరూ అక్కడో ముక్క ఇక్కడో ముక్క అంటించి కార్పెట్టు కప్పేస్తారు. ఓజెల్లా నేలంతా, ఇంజనుకీ మనుషులకీ మధ్యనున్న అడ్డగోడంతా, తలుపుల లోపలంతా, పైకప్పంతా సందు లేకుండా అంటించి, చిన్న రోలరుతో నొక్కి నొక్కి గాలి బుడగ లేకుండా చేసింది. దాని మీద ఇంకో పొర మందపాటి ఫెల్టు వేసింది. మోకాళ్లు వాచాయి. పని అయ్యాక తలుపు వేస్తే, కొత్త ఫ్రిజ్ తలుపు మూసినట్టు మెత్తగా పడింది.

లూషస్ తన వంతు తను చేశాడు. చూడ్డానికి పాత రేడియోనే, లోపల అంతా కొత్తది. డ్యాష్‌బోర్డుకి ఒక్క కోత కూడా పెట్టలేదు. కాళ్ల పక్కన రెండు స్పీకర్లు, వెనక రెండు, డిక్కీలో వూఫరు. ఆఖర్న ఒక మాట అన్నాడు, కిటికీలోంచి.

"డ్రైవరు సీటు కింద కుదుపు డబ్బా ఒకటి బిగిద్దామా? పచ్చడి జాడీ మూతంత ఉంటుంది. శబ్దం చెయ్యదు, పాటలో బరువు ఎక్కడుందో అక్కడ సీటుని అదరగొడుతుంది. గ్యాడిస్‌కి పనికొస్తుంది."

"నా సీట్లో అదురుళ్లా? నేను అదురు పోగొట్టడానికి రెండు నెలలుగా చస్తుంటే!"

"అడిగాను, అంతే."

"అడక్కు."

జులైలో కారు అప్పగించిన రోజు వెర్లీన్ సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, ఐదు నిమిషాలు బయటికి రాలేదు. వచ్చాక కళ్లు తుడుచుకుంది. పీచ్ పండ్ల తీపి తెస్తానని మాటిచ్చింది. క్లీవ్ కొత్త స్టీరింగు మీద చేతులు వేసి, "బాగుంది. చాలా బాగుంది" అన్నాడు. రెండుసార్లన్నాడు. ఓజెల్లా ఆ రోజంతా ఎవరినీ తిట్టలేదు.

రెండు వారాల తర్వాత క్లీవ్ ఒక్కడే వచ్చాడు, పైకప్పు గుడ్డ వెనక మూల కొంచెం వదులైందని. ఓజెల్లా వెనక సీట్లో వెల్లకిలా పడుకుని పైగుడ్డ లాగి బిగిస్తోంది. క్లీవ్, లూషస్ ముందు అద్దానికి అవతల నిలబడి ఉన్నారు. ఆమె పడుకున్న చోటు నీడగా ఉండి వాళ్లకి ఆమె కనపడదు. ఆమెకి మాత్రం అద్దంలోంచి వాళ్లిద్దరూ కనపడుతున్నారు.

ఇక్కడ ప్రెస్ షాపు సంగతి ఒకటి చెప్పాలి. ఆ హోరులో నోటితో మాట్లాడటం ఎవడి వల్లా అయ్యేది కాదు. అందుకని ఆ వరస వాళ్లు చేతులతో మాట్లాడుకునేవాళ్లు. కడుపు మీద రెండుసార్లు తడితే భోజనం. గడ్డం కింద వేలితో గీరితే ఫోర్‌మన్ వస్తున్నాడు, జాగ్రత్త. ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి బోర్లించి కదలకుండా పెడితే ప్రెస్సు చచ్చింది, దెబ్బ పడటం లేదు. ఈ భాష ఏ బడిలోనూ నేర్పరు. ఒకసారి వచ్చాక మర్చిపోవడమూ ఉండదు.

క్లీవ్ కారు వైపు గడ్డం చూపించాడు. ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి బోర్లించి, అలాగే పెట్టి ఉంచాడు. తర్వాత వంగి, తన బూటు అడుగు భాగాన్ని తట్టాడు.

లూషస్ కంగారుగా గడ్డం కింద గీరుకున్నాడు, వెనక సీటు వైపు కన్నెగరేస్తూ.

ఓజెల్లా చేతిలో గుడ్డ వదిలేసింది. కారు చచ్చిందంటున్నాడు. ఆ మాట తనకి చెప్పడానికి ఇద్దరు మగాళ్లు భయపడుతున్నారు. అంతకంటే ఘోరం, తనని ఫోర్‌మన్ అంటున్నారు. ఇంజను బాగానే ఉందే! తలుపు తోసుకుని దిగింది.

"ఏం చచ్చింది?"

ఇద్దరూ బిక్కచచ్చిపోయారు.

"నాలుగేళ్లు మీ పక్కనే నిలబడ్డాను, ఆ చేతులు నాకూ వచ్చు. ఈ లూషస్ గాడు పెళ్లి చేసుకుందామని అడిగింది కూడా ఆ చేతుల్తోనే. అప్పుడే విరగ్గొట్టాల్సింది. ఏం చచ్చింది గ్యాడిస్?"

"అబ్బే, ఏం లేదు. బాగుంది" అన్నాడు క్లీవ్.

"తాళాలు తీసుకో. నన్ను నది మధ్య బెల్ ఐల్ ద్వీపం దాకా తీసుకెళ్లు."

లూషస్ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె చూడనట్టు నటించి, పక్క సీట్లో కూర్చుంది.

జెఫర్సన్ రోడ్డు ఎక్కేదాకా క్లీవ్ ఒక్కసారి కూడా ఆమె వైపు తిరగలేదు. కళ్లు ఇంజను వేగం చూపించే సూది మీదే ఉన్నాయి. సూది చూస్తాడు, రోడ్డు చూస్తాడు, మళ్లీ సూది. గేరు మార్చాల్సిన చోట ఆలస్యంగా మార్చాడు, ఒకసారి తొందరపడి మార్చాడు. నలభై మూడేళ్లుగా ఆ కారు నడిపిన మనిషి, నిన్న నేర్చుకున్నవాడిలా చెమటలు కక్కుతున్నాడు. లోపల మాత్రం ఎంత చల్లగా, ఎంత నిశ్శబ్దంగా ఉందో! ఓజెల్లాకి తన పని మీద ముచ్చట ఇంకా పోలేదు.

వంతెన ముందు సిగ్నల్ దగ్గర ఆగారు. ఆకుపచ్చ పడింది. క్లీవ్ కాలితో యాక్సిలరేటరు తొక్కాడు. కారు కదల్లేదు. వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి, ఆమెకే సన్నగా వినపడుతున్నాయి, అతనికి చెవి మిషను ఉన్నా అందినట్టు లేదు. సూది వంక చూశాడు. అది సున్నా మీద పడుకుంది. అప్పుడు ఆమె వైపు తిరిగాడు.

"ఆగిపోయిందా?" అని అడిగాడు.

తన కారు నడుస్తోందో లేదో ఇంకొకరిని అడుగుతున్నాడు. ఓజెల్లా తల ఊపింది.

ద్వీపం మీద నది ఒడ్డున కారు ఆపాక అంతా చెప్పాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రెస్సు సరిగ్గా పడుతోందో లేదో అరికాళ్లతోనే కనిపెట్టాడు. ఈ కారునీ అలాగే నడిపాడు. ఇంజను ఎంత తిరుగుతోందో కాళ్ల కింద రేకు చెప్పేది, గేరు పడిందో లేదో వెన్నుపూస చెప్పేది. చెవి మిషనులో ఇప్పుడు పాట వస్తుంది, కాని డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టు. కారు మాత్రం కాళ్లకి అందడం లేదు.

"నువ్వు చాలా గొప్పగా చేశావు. అదే వచ్చింది చిక్కు" అన్నాడు.

"వెర్లీన్‌కి చెప్పావా?"

"ఎలా చెప్పను? రోజూ టోపీ పెట్టుకుని తయారై, షికారుకి పోదామంటుంది. నేను మోకాలు నొప్పంటాను. నిన్న కాపడం పెట్టింది. బాగున్న మోకాలు బొబ్బలెక్కింది."

ఓజెల్లా నవ్వబోయి ఆగింది.

"ఆగస్టుకి మా బావమరిదిని నడపమంటాను. తను ముందు కూర్చుంటుంది. నేను వెనక కూర్చుంటాను. నాకేం ఫర్లేదు" అన్నాడు, నది వంక చూస్తూ.

ఆ మాటతో ఓజెల్లాకి నిజంగా బాధ కలిగింది. తన చేతులతో ఒక మనిషి కింద నుంచి నేల లాగేసింది. ముడత పడకుండా, గాలి బుడగ లేకుండా, శ్రద్ధగా లాగేసింది. అడగాల్సింది. ప్రెస్సుల వరసలో నాలుగేళ్లు నిలబడిన తనకే ఆ ప్రశ్న తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది?

ఆ సాయంత్రమే ఓజెల్లా వెర్లీన్ వాళ్లింటికి పోయింది. వెర్లీన్ పీచ్ తీపి గిన్నె ముందు పెట్టింది. ఓజెల్లా చెంచా ముట్టుకోకుండా మొత్తం చెప్పేసింది. వెర్లీన్ ముఖం ముడుచుకుపోయింది.

"నలభై నాలుగేళ్ల కాపరం. నా మొహం మీద అబద్ధం చెప్పాడా? మోకాలి నొప్పి కూడానా?"

"నీ సంతోషం పాడవకూడదని చెప్పాడు."

"నా సంతోషం తగలెయ్య. వేడి నీళ్లు మోసి మోసి చచ్చాను." కొంచెంసేపు గిన్నెలో చెంచా తిప్పింది. "ఇప్పుడేం చేస్తావు?"

"ఆయన వైపు నేలంతా పీకేస్తాను. నీ వైపు అలాగే ఉంచుతాను. అయినా రొద ఒక పక్కే ఉండమంటే ఉండదు కదా. నీకూ వస్తుంది. అంత కాదు, సగం."

"సగం రొదంటే ఎంత?"

"కూర్చుంటే గానీ తెలీదు."

"కూర్చోను అంటే?"

"అప్పుడు బావమరిది నడుపుతాడు. నీ పెనిమిటి వెనక కూర్చుని కిటికీలోంచి చూస్తాడు. నాకేం ఫర్లేదంటున్నాడు."

వెర్లీన్ అవునని గానీ కాదని గానీ అనకుండా గుమ్మం దాకా వచ్చి సాగనంపింది.

మర్నాడు ఓజెల్లా కారుని మళ్లీ షాపులో పెట్టించి, ఐస్‌క్రీం గోడౌను నుంచి పొగలు కక్కే పొడి మంచు రెండు పెట్టెలు తెప్పించింది. తారు పట్టీ మామూలుగా ఊడిరాదు, ప్రాణం తీస్తుంది. దాని మీద ఆ మంచు పరిస్తే గడ్డకట్టి పెళుసవుతుంది, అప్పుడు సుత్తితో తడితే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. డ్రైవరు సీటు విప్పింది. కార్పెట్టు ఎత్తింది. గేరు కర్ర దగ్గర గీత గీసుకుని, అక్కడి నుంచి ఎడమ వైపంతా మంచు పరిచింది. మొదటి సుత్తి దెబ్బ వెయ్యడానికి చాలాసేపు పట్టింది. తన జీవితంలో అంత నున్నగా ఎక్కడా పరచలేదు. దెబ్బ వేసింది. టప్పుమని పగిలింది. ఇంక ఆగలేదు, ఏడుపూ నవ్వూ కలిసి వస్తుంటే కొట్టుకుంటూ పోయింది.

సాయంత్రానికి కింద నల్లటి ఇనప రేకు బయటపడింది. ఓజెల్లా లేచి గోడ దగ్గరికి వెళ్లి కిటికీ మీద తట్టింది.

"ఆ డబ్బా ఉందా?"

"ఏ డబ్బా?" అన్నాడు లూషస్, బాగా తెలిసి.

"పచ్చడి జాడీ మూతంత."

"సీట్లో అదురుళ్లు వద్దన్నారు కదా ఫోర్‌మన్ గారు."

"ఫోర్‌మన్ ఇప్పుడు కావాలంటోంది. ఇస్తావా, కిటికీలోంచి దూకి రమ్మంటావా?"

"వద్దు వద్దు, కిటికీ ఇరుకు" అన్నాడు లూషస్, అప్పటికే చేతిలో పట్టుకుని ఉన్నాడు. మే నెలలోనే తెచ్చి పెట్టుకున్నాడట.

ఇద్దరూ కలిసి సీటు చట్రానికి దాన్ని బిగించారు. ఓజెల్లా ఫోమ్ ఒక వేలి మందం కోసి పలచన చేసింది. పైన అదే తోలు, అదే రెండు వరసల కుట్టు. కింద వట్టి రేకు మీద పలచని కార్పెట్టు. చూసేవాళ్లకి రెండు సీట్లూ ఒకటే.

క్లీవ్ వచ్చి బూట్లు విప్పి, మేజోళ్లతో కూర్చున్నాడు. చెవి మిషను తీసి జేబులో వేసుకున్నాడు. తాళం తిప్పాడు. ఇంజను ఒక్కసారి గుండెలో గుద్దినట్టు లేచింది. అతను కళ్లు మూసుకుని, అరికాళ్లు నేలకి ఆనించి, అలా ఉండిపోయాడు. తర్వాత కనుబొమలు ముడిచాడు.

ఓజెల్లా అతని మొహం ముందుకి వంగింది. "ఏమైంది?"

"ఒక ప్లగ్గు సరిగ్గా కొట్టడం లేదు. కుడి వైపు."

లూషస్ బానెట్ ఎత్తి, ఒక్కొక్కటీ విప్పి చూశాడు. కుడి వైపు వెనక ప్లగ్గు మసిబారి ఉంది. ఎన్నాళ్లుగా అలా ఉందో, ఆ మెత్తటి కారులో ఎవరికీ తెలియలేదు. లూషస్ దాన్ని పైకెత్తి చూపించగానే క్లీవ్ గ్యాడిస్ పగలబడి నవ్వాడు. కొత్తది వేశాక లూషస్ పాట పెట్టాడు. సీటు మెల్లగా అదిరింది. క్లీవ్ స్టీరింగు మీద వేళ్లతో దరువు వేశాడు. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. అది చూసి లూషస్ గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు, ఓజెల్లా ఆ పని అందరి ముందే చేసింది.

ఇంక మిగిలింది వెర్లీన్. ఆమె వస్తుందో రాదో క్లీవ్‌కీ తెలియదు. "అడిగాను. చూద్దాంలే అంది" అన్నాడు. మోకాలి సంగతి మీద మూడు రోజులు మాట్లాడలేదట.

ఆగస్టు శనివారం నాడు ఉడ్‌వర్డ్ రోడ్డు పక్కన, నైన్ మైల్ రోడ్డు కలిసేచోట, ఓజెల్లా, లూషస్ మడత కుర్చీలు వేసుకుని పొద్దున్నుంచీ కూర్చున్నారు. రెండు కుర్చీల మధ్య ఐస్ పెట్టె పెట్టింది ఓజెల్లా, గోడ బదులు. ఎండ మాడ్చేస్తోంది. రోడ్డు నిండా కార్లే. పచ్చవీ, ఎర్రవీ, నారింజవీ, ఒకదాని వెనక ఒకటి నడక కంటే నెమ్మదిగా పోతున్నాయి. ఓజెల్లా ఏ కారునీ సరిగ్గా చూడటం లేదు. ఎవరివో తప్పు కుట్లు కనపడుతున్నా తిట్టడం లేదు. లూషస్‌కి అదే కంగారుగా ఉంది.

"వస్తుందిలే" అన్నాడు.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి నోరు మూసుకుని చూడు."

మధ్యాహ్నం రెండు దాటాక, రెండు తెల్ల చారల నల్ల బానెట్ వంపు తిరిగింది. ఎండ ముందు అద్దం మీద పడి లోపల ఎవరున్నదీ కనపడలేదు. ఓజెల్లా లేచి నిలబడింది. కారు నీడలోకి వచ్చింది. డ్రైవరు సీట్లో క్లీవ్. పక్క సీట్లో వెర్లీన్, అద్దం దించుకుని, ఒక చెయ్యి చెవి మీద పెట్టుకుని ఉంది. ఆమె నోరు ఆగకుండా కదులుతోంది. కారు దగ్గరికొచ్చేసరికి మాటలు కూడా వినపడ్డాయి.

"...ఆ ఫోర్టీన్ మైల్ రోడ్డు నుంచి చెప్తున్నా, పళ్లు ఊడొచ్చేస్తున్నాయి, నెమ్మదిగా పోవయ్యా అంటే వినవు, అన్నం ఒంటికి పట్టదు ఇవాళ, ఇదేం కారు, ఇదేం మనిషి..."

ముందున్న కార్లు ఆగిపోవడంతో షెవెల్ వాళ్లెదురుగా ఆగింది. క్లీవ్ సూది వంక చూడటం లేదు. పూర్తిగా ఆమె వైపు తిరిగి, ఆమె పెదాలు చూస్తూ, ప్రతి తిట్టూ తింటూ, చెవుల దాకా నవ్వుతున్నాడు. పదకొండేళ్లలో మొదటిసారి ఆ కారులో ఆయనతో ఎవరో మాట్లాడుతున్నారు. ఆయన ఒక్క ముక్క కూడా వదిలిపెట్టడం లేదు.

లూషస్ రోడ్డు దాకా పోయి కిటికీ దగ్గర వంగాడు. "సిస్టర్ వెర్లీన్! మరీ అంత ఇబ్బందైతే ఇక్కడే దిగు, మా దగ్గర కుర్చీ ఉంది. సోమవారం మళ్లీ పట్టీ వేయించేద్దాం."

వెర్లీన్ చెవి మీద చెయ్యి తీసి అతని వంక చూసింది.

"పట్టీ వేస్తే ఎవరు నడుపుతారు, మీ నాన్నా? పక్కకి జరుగు. ముందు కారు కదిలింది."

క్లీవ్‌కి ఆ కదలిక కాళ్ల కింద ముందే తెలిసినట్టుంది, గేరు వేసేశాడు. షెవెల్ ఉరుముతూ వెళ్లిపోయింది. లోపల వెర్లీన్ మళ్లీ అందుకుంది. ఓజెల్లా ఆ కారు కనపడకుండా పోయేదాకా నిలబడి చూసింది, తర్వాత కూర్చుని, ఐస్ పెట్టెలోంచి రెండు సోడాలు తీసి, ఒకటి లూషస్‌కి ఇచ్చింది.